తాత విత్తిన చేను – డాక్టరు జాన్ స్కడ్డరుగారి జీవితము

పఠన భాగములు: కీర్తనలు 78:1–8, ఆదికాండము 18:19, 2 తిమోతి 1:3–5



మన గ్రామములలో ఎవరికైనను జబ్బు ముదిరి, దగ్గరి ఆసుపత్రివారు చేతులెత్తివేసినప్పుడు, ఇంటిలోని పెద్దలు చెప్పుకొను మాట ఒకటున్నది. ఎట్లైన వేలూరుకు తీసికొని పోవుదమందురు. రైలెక్కి కాట్పాడిలో దిగి, ఆ పెద్ద ఆసుపత్రిలో చీటి కొరకు వరుసలో నిలువబడినవారు మన సంఘములలోనే అనేకులున్నారు. ఆ అరవ దేశములో ఒక నర్సమ్మ నోట తెలుగు మాట వినబడగానే పోయిన ప్రాణము లేచి వచ్చినదని చెప్పువారును ఉన్నారు.

ఆ ఆసుపత్రిని ప్రారంభించిన ఐడా స్కడ్డరు అమ్మగారి పేరు చాలమందికి తెలియును. ఆమె తాతగారిని ఎరిగినవారు మాత్రము కొద్దిమందియే. ఆ తాతగారు ఆమె పుట్టుటకు పదునైదేండ్లకు పైగా ముందే కన్నుమూసిరి. ఆమెను ఎత్తుకొని ముద్దాడలేదు, ఆమె పేరైనను వినలేదు. అయినను వేలూరు ఆసుపత్రి పునాదిలో మొదటి రాయి ఎవరిదని వెదకిన, ఆ రాయి ఆయన జీవితమేనని నేననుకొందును. ఈ నెల ఆ తండ్రిని, ఆ తాతను మనము జ్ఞాపకము చేసికొందము.

ఒక చిన్న పుస్తకము

జాన్ స్కడ్డరుగారు 1793వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన అమెరికా దేశములోని న్యూజెర్సీ రాష్ట్రములో ఫ్రీహోల్డు అను ఊర జన్మించిరి. ప్రిన్‌స్టన్ కళాశాలలో 1811లో పట్టము పొందిరి. చిన్నప్పటినుండియు బోధకుడు కావలెనని ఆయన కోరిక. తండ్రిగారు దానికి సమ్మతించనందున వైద్యము చదివి, 1813లో డాక్టరై, న్యూయార్కు పట్టణములో వైద్యము సాగించిరి. చేతి మంచివాడని పేరు వచ్చెను. రోగులు పెరిగిరి. బ్రతుకు సుఖముగా నడచుచుండెను.

ఆయన నలుగురిలో కలిసిపోవు స్వభావము గలవారు. ఎవరితోనైనను ఇట్టే మాట కలుపుదురు. మాట కలిపిన పిమ్మట ప్రభువును గూర్చి చెప్పకుండ విడువరు. న్యూయార్కులో ఆయన వాటర్‌బరీ అను కుటుంబమువారి ఇంట గది తీసికొని ఉండిరి. ఆ ఇంటివారికి అప్పటికి భక్తి విషయములలో అంత ఆసక్తి లేదు. ఈ యువ డాక్టరు నడతవలనను మాటవలనను ఆ యింటిలో మార్పు కలిగెను. ఆ ఇంటి కుమార్తె హేరియట్టునే ఆయన వివాహమాడిరి.

ఒక దినమున ఆయన ఒక రోగురాలిని చూడబోయి, బయటి గదిలో కూర్చుండి, అక్కడ బల్లమీదనున్న చిన్న పుస్తకమును చేత పట్టుకొనిరి. బొంబాయిలో పనిచేయుచున్న గోర్డన్ హాలు, శామ్యూల్ న్యూయెలు అను మిషనరీలు వ్రాసిన పుస్తకమది. లోకములో అరువది కోట్లమంది సువార్త వినక యున్నారని, వారి కొరకు క్రైస్తవులు ఏమి చేయవలెనని అందులో వ్రాయబడియుండెను. ఆయన దానిని ఇంటికి తీసికొని పోయి, మరల మరల చదివి, మోకాళ్లూని ప్రార్థించిరి. పిమ్మట భార్యకు తన మనస్సు విప్పి చెప్పిరి. వారికి అప్పటికొక చంటిబిడ్డ ఉన్నది. దూరదేశ ప్రయాణమనగా ఆ దినములలో తిరిగి వచ్చుట సందేహమే. అయినను ఆ అమ్మగారు వెనుదీయక, దేవుడు పిలిచిన చోటికి కలిసియే పోవుదమనిరి. బంధువులు వద్దన్నను, స్నేహితులు వెఱ్ఱి అన్నను వారు ఆగలేదు.

చూడుడి, బల్లమీద ఎవరో పెట్టిన చిన్న పుస్తకము! పెట్టినవారు ఎవరో మనకు తెలియదు. దాని ఫలము ఎక్కడివరకు పోయినదో ముందు చూతము.

సముద్రముమీదను, సమాధి ప్రక్కను

1819 జూన్ 8న బోస్టను రేవునుండి ఇండస్ అను ఓడమీద వారు బయలుదేరిరి. విన్‌స్లో, స్పాల్డింగు, వుడ్‌వర్డు అను మిషనరీలును తమ భార్యలతో అదే ఓడలో ఉండిరి. నాలుగు నెలల ప్రయాణము. డాక్టరుగారు ఓడలోను ఊరకుండలేదు. నావికులతో కూర్చుండి, వారి భాషలోనే వారితో మాటలాడి, ప్రభువు నెరిగించుచు వచ్చిరి.

అక్టోబరు నెలలో ఓడ కలకత్తా చేరెను. దిగిన కొద్ది దినములకే వారి చిన్నారి కుమార్తె జబ్బుపడి మరణించెను. ఇంకను పని ప్రారంభము కాలేదు, భాష రాదు, ఊరు తెలియదు, మొదట చేసినది బిడ్డను మట్టికి అప్పగించుట. అక్కడనుండి సిలోనుకు, అనగా నేటి శ్రీలంకకు పోయి, యాఫ్నా ప్రాంతములో పండత్తరిప్పు అను ఊర స్థిరపడిరి. అక్కడను మరొక పసికందును పోగొట్టుకొనిరి. అబ్రాహాము వాగ్దాన దేశములో మొదట సంపాదించుకొన్న భూమి సమాధి స్థలమేనని మనము ఆదికాండము 23వ అధ్యాయములో చదువుచున్నాము. ఈ దంపతులకును అట్లే జరిగెను. అయినను తిరిగిపోవు ఓడ ఎక్కడ ఉన్నదని వారు అడుగలేదు.

1820లో డాక్టరుగారు బోధకుడుగా కూడ అభిషేకము పొందిరి. చిన్ననాట తండ్రి కాదన్న పరిచర్యను పరమతండ్రి వేరొక దారిని తెచ్చి చేతికిచ్చెను. వైద్య మిషనరీగా అమెరికానుండి వచ్చినవారిలో ఆయనే మొదటివారు. పండత్తరిప్పులో ఆసుపత్రి తెరచి, కన్ను కనబడనివారి శుక్లములు తీసి, కలరా వచ్చినప్పుడు జనులు పారిపోవుచుండగా తాము రోగుల మధ్య తిరిగిరి. పాఠశాలలు పెట్టి పిల్లలకు చదువు చెప్పించిరి. అరవము నేర్చుకొని ఆ భాషలోనే బోధించిరి.

వీధిలోని మనిషి

1836లో ఆయనను విన్‌స్లోగారిని మద్రాసుకు పంపిరి. అరవ భాషలో వేద పుస్తకమును, చిన్న పుస్తకములను అచ్చువేయించి పంచుట అక్కడి ముఖ్యమైన పని. తన జీవితమును త్రిప్పినది ఒక చిన్న పుస్తకమేనని ఆయన ఎన్నడును మరువలేదు కాబోలు. సంచి నిండ నింపుకొని ఊరూరు తిరిగెడివారు. తిరునాళ్లలోను సంతలోను తెల్లవారినది మొదలు ప్రొద్దు క్రుంకువరకు నిలువబడి, వచ్చిన ప్రతి మనిషితోను మాటలాడెడివారు. కొందరు విందురు, కొందరు వాదింతురు, కొందరు దుమ్ము చల్లుదురు. ఆయన ముఖములో చిరునవ్వు మాత్రము చెరగదు. రోగి కనబడిన మందు ఇత్తురు. చదువ వచ్చినవాడు కనబడిన పుస్తకమిత్తురు. ఏమియు అక్కరలేనివాడు కనబడినను పలుకరించకుండ విడువరు.

అలసట ఎరుగని ఆ శరీరము మధ్యమధ్య జ్వరములతో కూలుచుండెడిది. ఆ కుటుంబములో తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన సంగతి ఒకటున్నది. ఒక పర్యాయము ఆయన దూరమున అడవి ప్రాంతములో తిరుగుచుండగా విషజ్వరము తగిలి, బ్రతుకుట కష్టమని ఇంటికి కబురు వచ్చెను. హేరియట్ అమ్మగారు చిన్న కుమారుని వెంటబెట్టుకొని మోతగాండ్రతో బయలుదేరిరి. రాత్రి అడవి నడుమ క్రూరమృగముల భయమువలన మోతగాండ్రు ఆమెను విడిచి పారిపోయిరి. ఆ తల్లి బిడ్డను దగ్గరకు తీసికొని, తెల్లవారువరకు మోకాళ్లమీద గడపెను. మృగములు సమీపించినను ముట్టలేదు. ఉదయమున మోతగాండ్రు తిరిగి వచ్చిరి. ఆమె చేరుసరికి భర్తకు జ్వరము తగ్గుముఖము పట్టియుండెను.

ఇంటిలోని తండ్రి

ఇక నా మనస్సును ఎక్కువగా పట్టుకొన్న సంగతికి వచ్చుచున్నాను.

వీధిలో అందరితో మాటలాడువాడు ఇంటిలో మౌనిగా నుండుట మనమెరిగినదే. రచ్చబండ దగ్గర నవ్వులు పూయించువాడు గడప దాటగానే ముఖము ముడుచుకొనును. బోధకులమైన మేమును ఈ తప్పునకు లోబడుదుము. నాలుగు ఊళ్లు తిరిగి, అందరి బిడ్డల తలలమీద చేతులుంచి ప్రార్థించి, రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరుసరికి సొంత బిడ్డలు నిద్రపోయియుందురు. ఏలీ గుడారములో సేవ చేసెను. అతని కుమారులు యెహోవాను ఎరుగకపోయిరి. సమూయేలు దేశమంతట న్యాయము తీర్చెను. అతని కుమారులు లంచములు పుచ్చుకొనిరి. ఈ వాక్యములు చదువునప్పుడెల్ల నా గుండె జలదరించును.

స్కడ్డరుగారి ఇంట పిల్లలు అనేకులు. ఇంటిలో ఉదయమును సాయంకాలమును కుటుంబ ప్రార్థన తప్పదు. తల్లియైన హేరియట్ అమ్మగారికి ఒక అలవాటుండెను. ప్రతి బిడ్డ పుట్టినదినము వచ్చినప్పుడు ఆమె ఆ దినమంతయు ఉపవాసముండి, ఆ బిడ్డ ఒక్కని కొరకే ప్రార్థించును. ఏడాదిలో ఎన్ని పుట్టినదినములో అన్ని ఉపవాసములు. పుట్టినదినమనగా మనకు పాయసము, క్రొత్త బట్టలు జ్ఞాపకము వచ్చును. అవియు మంచివే. ఆమె బిడ్డకిచ్చిన బహుమానము మాత్రము చినుగునది కాదు, చెడునది కాదు.

పెద్ద కుమారుడు

ఆ కాలములో మిషనరీల పిల్లలను పది పదకొండేండ్ల ప్రాయమునకే చదువు కొరకు స్వదేశమునకు పంపుచుండిరి. ఓడ ఎక్కించి పంపిన బిడ్డను మరల చూతుమో లేదో తెలియదు. ఉత్తరము పోయి ప్రత్యుత్తరము వచ్చుసరికి ఏడాది గడచును. స్కడ్డరుగారును తమ కుమారులను ఒకరి తరువాత ఒకరిని అట్లే పంపవలసి వచ్చెను. 1822లో పుట్టిన పెద్ద కుమారుడు హెన్రీ మార్టినుకు భక్తుడైన ఒక మిషనరీ పేరు పెట్టిరి. అయినను పేరు పెట్టినంత మాత్రమున మనస్సు మారునా? అమెరికాలో హెన్రీ చదువుకంటె ఆటపాటలయందును చిలిపి పనులయందును ఎక్కువ మక్కువ చూపెను. దేవుని సంగతి ఎత్తిన తప్పించుకొనుచుండెను. ఆ వార్తలు సముద్రము దాటి తలిదండ్రులకు చేరెను.

ఆలోచించుడి. బజారులో వందలమందికి రక్షణ మార్గము చెప్పుచున్న తండ్రి. తన జ్యేష్ఠపుత్రుడు మాత్రము దూరముగా నడచుచున్నాడు. చేయి పట్టుకొని మందలించుటకు నాలుగు నెలల సముద్రము అడ్డము. ఆ బాధ ఎట్టిదో తప్పిపోయిన బిడ్డలు గల తలిదండ్రులకే తెలియును. వారు చేయగలిగినవి రెండే. ఒకటి ఉత్తరములు వ్రాయుట, రెండవది ప్రార్థన. రెంటిని వారు మానలేదు.

హెన్రీ చదువుకొనుచున్న కాలములోనే ప్రభువు అతని హృదయమును పట్టుకొనెను. అతడు 1840లో న్యూయార్కు విశ్వవిద్యాలయములో పట్టము పొంది, పిమ్మట వేదాంత పాఠశాలలో చదివి, 1844లో మిషనరీగా తండ్రి పనిచేయు దేశమునకే తిరిగి వచ్చెను. బాలుడుగా పోయినవాడు బోధకుడై వచ్చెను! ఓడ దిగిన ఆ కుమారుని గూర్చి విన్నప్పుడు తండ్రికి లూకా 15వ అధ్యాయము ఎంత రుచిగా నుండియుండునో మీరే ఊహించుడి.

లక్షమంది పిల్లలు

హెన్రీ తిరిగి వచ్చిన ఆ యేట తండ్రి ఇండియాలో లేరు. ఆరోగ్యము చెడినందున 1842లో అమెరికాకు వెళ్లి 1846 వరకు అక్కడనే యుండిరి. విశ్రాంతికి పోయిన మనిషి విశ్రాంతి తీసికొన్నారా? పట్టణము వెంట పట్టణము తిరిగి, ముఖ్యముగా పిల్లలను సమకూర్చి, ఇండియా సంగతులు చెప్పిరి. ఆ సంవత్సరములలో లక్షమందికి పైగా పిల్లలతో ఆయన మాటలాడిరని లెక్క. పిల్లల కొరకు కథల పుస్తకములు, ఉత్తరములు వ్రాసిరి. బిడ్డలను దేవుని పనికి ఇయ్యుడని క్రైస్తవ తల్లులకు ఒక విజ్ఞప్తియు వ్రాసిరి. అట్లు అడుగుటకు ఆయనకు హక్కుండెను. ఇతరుల బిడ్డలను అడుగకముందే తన బిడ్డలను ఇచ్చియున్నారు.

పెద్దల సభలలో మాటలాడుటకు ఇష్టపడు బోధకులు అనేకులున్నారు. పిల్లల ఎత్తునకు వంగి మాటలాడువారు తక్కువ. ఆయన వంగిరి. మన ఆదివారపు బడిని ఎవరో పదునారేండ్ల పిల్లకు అప్పగించి మనము బయట వేపచెట్టు క్రింద కూర్చుండుట సరియేనా?

కడవరి దినములు

1847లో ఆయన మరల ఇండియాకు వచ్చి, కొంతకాలము మధురలోను పిమ్మట మద్రాసులోను పనిచేసిరి. 1849 నవంబరులో హేరియట్ అమ్మగారు మద్రాసులో ప్రభువునందు నిద్రించిరి. ముప్పది యేండ్లు ఆయన ప్రక్కన నడచిన తోడు తొలగిపోయెను. ఆమె ప్రార్థనలు మాత్రము ఆమెతో పోలేదు. విలియము, జోసఫు అను కుమారులును హెన్రీతో చేరిరి. ఈ ముగ్గురన్నదమ్ములు కలిసి 1853లో ఆర్కాటు మిషనును ఏర్పరచిరి. వేలూరు, ఆరణి, చిత్తూరు ఆ మిషను స్థలములు. ఆనాడు ఉత్తరార్కాటు జిల్లాలో నుండిన చిత్తూరు, పలమనేరును, కడప జిల్లాలో నుండిన మదనపల్లెయు మన తెలుగు నేలయే. 1863లో జేకబ్ ఛాంబర్లేనుగారు మదనపల్లెలో పని ప్రారంభించినదియు ఆ మిషను పక్షముననే. రాయలసీమలోని మన సంఘములు కొన్ని ఆ ముగ్గురన్నదమ్ముల పాదుకు పాకిన తీగెలే.

1854లో డాక్టరుగారి ఆరోగ్యము మరల చెడెను. వైద్యుల సలహామీద దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రమునకు పోయిరి. అక్కడ కొంత తేరుకొని, మరల ఇండియాకు రావలెనని సిద్ధపడుచుండిరి. అక్కడను ఖాళీగా కూర్చుండలేదు, ప్రసంగములు చేయుచుండిరి. ఒక కూటమునకు వెళ్లవలసి యుండగా కొంచెముసేపు నడుము వాల్చిరి. ఆ నిద్రలోనే ప్రభువు పిలుపు వచ్చెను. 1855 జనవరి 13న, వైన్‌బర్గు అను ఊర, అరువది యొక్క యేండ్ల ప్రాయమున ఆయన ప్రయాణము ముగిసెను. ప్రసంగమునకు సిద్ధపడియే పడుకొనిరి. లేచినది ప్రభువు సన్నిధిలో.

ఆ దినమున ఆయన కుమారులలో ముగ్గురు మాత్రమే ఇండియాలో పనిచేయుచుండిరి. ఎజికీలు, జారెడు అనువారు ఓడమీద వచ్చుచుండిరి. వారు ఇండియా చేరుసరికి తండ్రి లేరు. సైలసు, కడగొట్టు కుమారుడైన జాను 1860వ సంవత్సర ప్రాంతమున వచ్చిరి. మొత్తము ఏడుగురు కుమారులును ఇండియాలో మిషనరీలైరి. ఎనిమిదవవాడైన శామ్యూలు అదే పనికి సిద్ధపడుచు చదువు కాలములోనే మరణించెను. కుమార్తెలును ఈ దేశములో సేవచేసిరి. సైలసు 1866లో రాణిపేటలో ఆసుపత్రి తెరచెను. విలియముగారు తమ ముసలితనమున పలమనేరులో బోధకులకు వేదాంతము నేర్పిరి. తండ్రి చూచినది మూడు మొలకలను. చేను పండినది ఆయన పోయిన తరువాత.

చూడని మనుమరాలు

కడగొట్టు కుమారుడైన జాను స్కడ్డరుగారికి 1870లో కుమార్తె పుట్టెను. ఆమెయే ఐడా. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొను 1876–78 నాటి ఘోర కరువులో ఆమె చిన్నపిల్ల. ఆకలితో నున్న పిల్లల చేతికి రొట్టె ముక్కలు పంచుచు, దారి ప్రక్కన పడియున్న ప్రేతములను చూచి, ఆ చిన్న మనస్సు బెదరిపోయెను. పిమ్మట అమెరికాలో చదువుకొనుచు, తన ఇంటివారందరివలె తాను మిషనరీ కాను గాక కానని గట్టిగా నిర్ణయించుకొనెను. తాతగారి ప్రార్థనలు ఒక తరము దాటి తెగిపోవునట్లే కనబడెను.

1890వ సంవత్సర ప్రాంతమున తల్లికి జబ్బుగా నున్నందున ఆమె కొద్దికాలము కొరకని తిండివనమునకు వచ్చెను. ఒక రాత్రి ముగ్గురు మనుష్యులు ఒకరి వెంట ఒకరు తలుపు తట్టిరి. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, మరియొకరు వేరు కులమువారు. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో నుండిరి. ఐడా తండ్రి డాక్టరే, వచ్చెదననెను. అయితే పరపురుషుడు తమ స్త్రీలను చూచుటకు వారి ఆచారము ఒప్పుకొనలేదు. ఐడాను రమ్మని వేడుకొనిరి. ఆమెకు వైద్యము రాదు. తెల్లవారుసరికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరని తెలిసెను. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. ఆ ఉదయమున ఆమె తన నిర్ణయమును మార్చుకొనెను.

ఆమె అమెరికాకు పోయి 1899లో డాక్టరై, 1900లో వేలూరు వచ్చి, ఒకే మంచముతో స్త్రీలకు వైద్యము ప్రారంభించెను. ఆ యేటనే తండ్రి మరణించెను. 1902లో నలువది పడకల ఆసుపత్రి, 1909లో నర్సుల బడి, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల ఏర్పడెను. 1947 నుండి పురుషులను కూడ వైద్య విద్యకు చేర్చుకొనిరి. 1960 మే 24న కోడైకెనాలులో, తొంబదవ యేట అడుగుపెట్టి, ఆమె తాతగారిని కలిసికొన పోయెను. ఆ కుటుంబమునుండి నాలుగు తరములలో నలువదిమందికి పైగా మిషనరీలు బయలుదేరిరి. వారి సేవా సంవత్సరములన్నియు కూడిన వెయ్యికి మించును.

న్యూయార్కులో ఒక బల్లమీద చిన్న పుస్తకము; కలకత్తాలో ఒక చిన్న సమాధి; పండత్తరిప్పులో ఉపవాసపు పుట్టినదినములు; తిండివనములో ముగ్గురు తలుపు తట్టుట; వేలూరులో ఒక్క మంచము. ఈ ముత్యములను గ్రుచ్చిన దారము ఎవరి చేతిలోనున్నదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మనకు పాఠము

మొదటిది, తండ్రులారా, వీధిలో మీకున్న మాటకారితనము ఇంటికి కూడ తీసికొని రండి. పంటను గూర్చి, ఎన్నికలను గూర్చి గంటల తరబడి మాటలాడు నోరు, బిడ్డ ప్రక్కన కూర్చుండి దేవుడు తనకు చేసిన మేలు ఒక్కటి చెప్పుటకు ఎందుకు మూగపోవలెను? 78వ కీర్తన మన పితరులు వివరించినవాటిని పిల్లలకు మరుగుచేయవద్దని హెచ్చరించుచున్నది. పుట్టబోవు పిల్లలకు కూడ ఆ మాట చేరవలెనట. ఈ బాధ్యత తల్లిది, బోధకునిది అని తప్పించుకొనుటకు దారి లేదు.

రెండవది, తప్పిపోయిన బిడ్డను చూచి నిరాశపడకుడి. కుమారుడు త్రాగుడుకు లోబడెను, కుమార్తె ప్రార్థన మానెను, పట్టణమునకు పోయినవాడు గుడి ముఖమే చూచుటలేదు అని ఏడ్చు తల్లులు మన సంఘములలో లేరా? ఏడాదికొకసారి వచ్చు ఉత్తరముతోనే హెన్రీ తలిదండ్రులు పట్టు విడువలేదు. నేడు మన చేతిలోనే ఫోనున్నది. డబ్బు పంపితివా అని అడుగు ఫోనులోనే, నీ కొరకు ఈ ఉదయమున ప్రార్థించితిని అని ఒక్క మాట చేర్చుటకు ఖర్చేమి?

మూడవది, ఫలము చూడకపోయినను విత్తుడి. ఏడుగురిలో నలుగురు కుమారుల పనిని స్కడ్డరుగారు చూడలేదు. వేలూరు ఆసుపత్రిని చూడలేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములోని భక్తులు దూరమునుండి చూచి వందనము చేసినట్లే ఆయనయు పోయిరి. తాత నాటిన చింతచెట్టు నీడన మనుమలు కూర్చుందురని మన రైతులకు తెలియదా? చెట్టును గూర్చి నమ్మిన మనము ప్రార్థనను గూర్చి సందేహింతుమా?

ఇంకొక మాట వ్రాసి ముగింతును. ఈ జీవితము చదువునప్పుడు నాకు సిగ్గు కలిగెను. నా బిడ్డల పుట్టినదినములు నాకు జ్ఞాపకమున్నవి. ఆ దినములలో నేను వారి కొరకు ఒక గంటయైనను ప్రత్యేకముగా ప్రార్థించిన జ్ఞాపకము లేదు. ఈ యేటినుండి ఆ వాడుక మా యింట ప్రారంభించుటకు తీర్మానించుకొంటిని. మీలో తాతలును అవ్వలును కూడ మనుమల పేర్లు ఒక కాగితముమీద వ్రాసి బైబిలులో ఉంచుకొనుడి. చదువు రానివారు వ్రేళ్లమీద లెక్కపెట్టుకొని యైనను ఒక్కొక్కరి పేరు దేవుని సన్నిధిలో పలుకుడి. లోయి అవ్వయొద్దనుండి యునీకేకును, యునీకే యొద్దనుండి తిమోతికిని వచ్చిన ఆ విశ్వాసము అట్టి ఇండ్లలోనే నిలుచును.

ప్రార్థన

అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవా, తరతరములకు మాకు నివాసస్థలమైన తండ్రీ, నీ సేవకుడైన జాన్ స్కడ్డరుగారి కొరకును, ఆయన ఇంటిలోనుండి నీవు లేపిన వైద్యుల కొరకును, బోధకుల కొరకును నీకు స్తోత్రములు. మా ఇండ్లలోని తండ్రుల నోళ్లు తెరువుము. దూరముగా నడచుచున్న మా బిడ్డలను నీవే వెదకి పట్టుకొనుము. వేలూరులోను, రాణిపేటలోను, మదనపల్లెలోను, మా ప్రాంతపు ఆసుపత్రులలోను పడియున్న రోగులను ముట్టుము. మేము చూడని తరముల కొరకు విత్తుటకు మాకు విశ్వాసమును ఓర్పును దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.